ముప్పావు ఓడకు ఎదురుగాలి

సోమవారం

పొద్దున్నే కొంగకు నీళ్ళు పోశాను. కొంగ అంటే మా ఓడలో ఉన్న ఒకే ఒక్క బరువుల విమానం. రెండు పంకాలు, పొడుగు కాళ్ళు, ఇంత పొట్ట. సముద్రం మీద తిరిగొస్తే ఒళ్ళంతా ఉప్పు పట్టి తెల్లబడిపోతుంది. మంచినీళ్ళతో కడగకపోతే రెక్కల కీళ్ళు పట్టేస్తాయి. పెద్ద ఓడల్లో దీనికి వేరే మనుషులు ఉంటారట. మా దగ్గర నడిపేవాళ్ళే తోముకోవాలి. నాకేం బాధ లేదు. రెక్క కింద నిలబడి పాట పాడితే గొంతు రెండింతలై వినిపిస్తుంది, ఆ సరదా కోసమైనా రోజూ కడుగుతాను.

ఈ ఓడ డైరీ రాయమన్నది కెప్టెన్ హైమావతి గారు. "అంకెలన్నీ యంత్రం రాసుకుంటుంది పోలేశ్వరీ, మిగతాది నువ్వు రాయి," అన్నారు. మిగతాది అంటే ఏమిటని అడిగాను. "ఈ ఓడకి ఇది మొదటి తుపాన్ల కాలం. దీని మీద బతుకు ఎలా ఉందో తర్వాతి ఓడలు కట్టేవాళ్ళకి తెలియాలి కదా."

ఎలా ఉందంటే, బ్రహ్మాండంగా ఉంది. నిన్న రెండో పూడిమడక అనే తేలే ఊళ్ళో ఒక టీచరమ్మను, మందుల పెట్టెలను, ఒక పెళ్ళి బ్యాండును దింపి వచ్చాను. బ్యాండు వాళ్ళు గాల్లోనే మొదలెట్టేశారు. సన్నాయి మోగుతుంటే విమానం నిటారుగా నడపడం ఎంత కష్టమో ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

మా ఓడ పేరు కాగితాల మీద 'సాగరదీపిక'. ఆ పేరుతో పిలిచినవాళ్ళను నేను చూడలేదు. అందరూ 'ముప్పావు' అంటారు. దీన్ని గీసిన జోగారావు గారు మొదట ఇంతకంటే పావువంతు పొడుగ్గా గీశారు. తీర మండలి ఖర్చు చూసి గుక్క తిప్పుకోలేక, వెనకాల పావువంతు కోసేసింది. కోసినవాటిలో అన్నిటికంటే ఖరీదైన వడిసెల కూడా పోయింది. వడిసెల అంటే విమానాన్ని పట్టి ముందుకు విసిరేసే యంత్రం. పొట్ట నిండా బరువున్న విమానాన్ని కూడా రెండు క్షణాల్లో గాల్లోకి నెట్టేస్తుంది. దాని బదులు మాకు ఓడ ముందు భాగాన్ని పైకి వంచి వదిలారు. దాన్ని 'ముక్కు' అంటాం. విమానం తన బలం కొద్దీ పరుగెత్తి ముక్కు మీద నుంచి దూకాలి. పిచ్చుకలకు, అంటే చిన్న విమానాలకు, అది ఆటే. కొంగ మాత్రం సగం పొట్టతోనే దూకగలదు.

మధ్యాహ్నం ఎండు నెత్తళ్ళ పులుసు. రోజూ జరిగే పోట్లాట ఈరోజూ జరిగింది. జోగారావు గారు కూడా ఈ కాలమంతా ఓడ మీదే ఉంటున్నారు, తాను గీసింది ఎలా నడుస్తుందో చూసుకోవడానికి. కెప్టెన్ గారు అప్పట్లో మండలిలో ఉండి ఓడ కొయ్యాలని చెయ్యెత్తిన మనిషి. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టిన మహానుభావుడెవరో గాని, మాకు వేరే వినోదం అక్కర్లేదు.

"మీ ఒక్క పెద్ద ఓడ ఖరీదులో మూడు ఓడలు తేలాయి జోగారావు గారూ," అన్నారు కెప్టెన్.

"తేలాయండి. తేలడానికేం, తాటిదుంగ కూడా తేలుద్దండి," అన్నారు ఆయన ముల్లు తీసుకుంటూ. ఆయనది గోదావరి వైపు.

"తుపాను ఒక్కచోటే వస్తానని మీకేమైనా మాటిచ్చిందా? ఒక్క ఓడ ఒక్కచోటే ఉంటుంది. మూడు ఓడలు మూడు చోట్ల ఉంటాయి."

"ఉంటాయండి, ఎందుకుండవు? మూడు చోట్లా సగం బరువే ఎత్తుతాయి. ఆయ్."

బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు వడిసెల పక్షం, ముక్కు పక్షంగా చీలిపోయారు. డెక్కు మీద జెండా ఊపే ఎర్రన్న మాత్రం పులుసు పక్షం. మూడోసారి వడ్డించుకున్నాడు.

బుధవారం

తూర్పున తుపాను పుట్టింది. ఉపగ్రహం పంపిన బొమ్మల్లో చూస్తే బుద్ధిమంతురాలిలా కనిపించింది గాని సాయంత్రానికి కళ్ళెర్ర చేసింది.

మిగతా రెండు ఓడలూ దక్షిణాన ఉన్నాయి. అక్కడ రెండు ఊళ్ళవాళ్ళను ముందే ఒడ్డుకు చేర్చే పనిలో ఉన్నాయి. ఉత్తరం అంతా మాదే. పొద్దుటినుంచి పిచ్చుకలు ఎగురుతూ, దిగుతూనే ఉన్నాయి. నేను మూడుసార్లు వెళ్ళి వచ్చాను. దిగేటప్పుడు ఓడ అగ్గిపెట్టె అంత కనిపిస్తుంది. అది కూడా ఊగుతుంటుంది. తోక కింద కొక్కెం వేలాడుతుంది, డెక్కుకు అడ్డంగా లాగి కట్టిన తీగ దానికి తగులుకోవాలి. తగులుకోకపోతే మళ్ళీ ఎగిరి చుట్టు తిరగాలి. తగులుకున్నప్పుడు మాత్రం, ఆ దెబ్బకు నవ్వు తన్నుకొస్తుంది. ప్రతిసారీ నవ్వుతాను. ఎర్రన్నకు అది అస్సలు నచ్చదు.

"ఏటే ఆ నవ్వు? ఇమానం దించినావా, సంతకెల్లి వొచ్చినావా?" అని అరిచాడు.

"రెండూనూ!" అన్నాను.

చీకటి పడబోతుండగా రేడియోలో రెండో కళింగపట్నం పలికింది. అదీ రెండో పూడిమడకలాగే తేలే ఊరు. మొదటి కళింగపట్నం ఇప్పుడు నీళ్ళ కింద ఉంది, వలలు అక్కడ చిక్కుకుంటాయని ఎవరూ అటు వెళ్ళరు. మాట్లాడింది ఊరి సర్పంచి కారి బంగారమ్మ.

"లంగరు గొలుసులు తెగిపోనాయమ్మా. ఊరు కొట్టుకుపోతన్నాది. మోటార్ల గదిలోకి నీల్లొచ్చీసినాయి. తోడుదామంటే పెద్ద పంపు కాలిపోనాది. సిన్నయి తోడతన్నాయి గాని, వొచ్చిందాంట్లో సగం కూడా బయటికెల్లట్లేదు."

"ఎంతసేపు తట్టుకుంటుంది?" అని కెప్టెన్ గారు అడిగారు.

"రేపు సాయంత్రం దాకా ఉంటాదంటన్నారు. ఆ తరవాత ఏటో మాకూ తెల్దు."

ఊళ్ళో నాలుగు వేల మంది. మాకూ వాళ్ళకూ మధ్య తుపాను. ఓడ దాన్ని చుట్టి వెళ్ళాలంటే రెండు రోజులు. పిచ్చుకలతో మనుషుల్ని మోద్దామంటే ఒక్కోదానిలో ముగ్గురు పడతారు. కెప్టెన్ గారు రేడియో పెట్టేసి అందరి ముఖాలూ చూశారు.

"మన ఓడ అడుగున రెండు పంపులున్నాయి కదూ?"

"ఒకటి పనిచేసేది, ఒకటి దానికి తోడు," అన్నారు జోగారావు గారు. అనేసి ఆగిపోయారు. ఆమె ఏం అడగబోతున్నారో ఆయనకు అర్థమైంది.

గురువారం, పొద్దున

తోడు పంపును ఓడ అడుగు నుంచి, డెక్కు కిందున్న విమానాల కొట్టంలోకి ఎత్తి కొంగ పక్కన పెట్టారు. దాన్ని చూస్తేనే తెలుస్తోంది. మోటారు విప్పొచ్చు, గొట్టాలు విప్పొచ్చు. కాని పంపు ఒళ్ళంతా ఒకే పోత ఇనుము. దాన్ని రెండు ముక్కలు చెయ్యలేం. మోటారు వేరే విమానంలో వెళ్ళినా, ఆ ఇనుప ముద్ద ఒక్కటే కొంగను సగం పొట్ట దాటించేస్తుంది. ఇంధనం తగ్గిద్దామా అని లెక్క వేశాం. వెళ్ళడానికి సరిపడా మాత్రమే పోసినా బరువు ఎక్కువే అయింది. ముక్కు మీద నుంచి దూకితే తిన్నగా నీళ్ళలోకే.

"వడిసెలుంటే..." అన్నాడు ఎవరో వెనక నుంచి.

జోగారావు గారు వెనక్కి తిరిగి, "నోర్ముయ్యవయ్యా," అన్నారు. ఆయన నోట ఆ మాట నేను వినలేదు ఎప్పుడూ. గెలిచిన మనిషి ముఖం కాదు అది. ఒక తాళ్ళ చుట్ట మీద కూర్చుని పంపు వంక చూస్తూ ఉండిపోయారు.

కెప్టెన్ గారు ఆయన పక్కకు వెళ్ళి నిలబడ్డారు. "దక్షిణాన మిగతా రెండు ఓడలూ రాత్రి నుంచి ఆరు వందల మందిని ఒడ్డుకు చేర్చాయి," అన్నారు. "అవి లేకపోతే ఆ ఊళ్ళకి ఎవరూ లేరు."

"తెలుసండి," అన్నారు ఆయన. "అదీ నిజమే, ఇదీ నిజమే. ఇప్పుడేం చేద్దాం?"

 నేను డెక్కు మీదికి వచ్చేశాను. గాలి బాగా ముదిరింది. ఎర్రన్నా ఇంకో ఇద్దరూ ఒక పిచ్చుకను తాళ్ళతో కట్టేస్తున్నారు. ఇంజను ఆపేసి ఉంది, లోపల ఎవరూ లేరు. అయినా అది ఆగడం లేదు. గాలి ఒక తోపు తోసినప్పుడల్లా చక్రాలు డెక్కు మీద నుంచి లేచి, తాళ్ళు బిగిసి, మళ్ళీ దభీమని కూర్చుంటోంది. తిరనాళ్ళలో తాడేసి కట్టిన కోడెలాగా ఉంది.

"ఓలమ్మో, ఇదేటిది! నడిపేవోలు నేకుండానే ఎలిపోతన్నాది!" అని ఎర్రన్న రెక్కకు వేలాడుతున్నాడు. ఎర్రన్నతో సహా లేచింది పిచ్చుక.

నేను నవ్వడం మొదలెట్టి మధ్యలో ఆగిపోయాను. విమానానికి కావాల్సింది పరుగు కాదు, రెక్కల మీదికి గాలి. పరుగెత్తేది ఆ గాలి కోసమే. ఆ గాలి దానంతట అదే ఎదురొస్తుంటే?

మెట్లు ఎలా దిగానో తెలియదు. జోగారావు గారి భుజాలు పట్టుకుని కుదిపేశాను. పెద్దాయనను అలా పట్టుకోకూడదని తర్వాత గుర్తొచ్చింది.

"సార్! పిచ్చుక నిలబడి ఎగురుతన్నాది! ఇంజను నేకుండా!"

ఆయన ఒక్క క్షణం నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. తర్వాత ఆయన కళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయాయి. "గాలెంతుంది పైన?" అన్నారు. చెప్పాను. "తుపాను అంచుకి ఇంకాస్త దగ్గరికెళ్తే ఎంతుంటుంది? ఓడ దానికి ఎదురుగా పూర్తి వేగంతో పోతే?" నన్ను అడగడం లేదు, తనను తానే అడుగుతున్నారు. చేతిలో ఏమీ లేక బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి గీతలు గీశారు. గీసి, లేచి, పైకి పరుగెత్తారు. అరవై దాటిన మనిషి, నాకంటే ముందు మెట్లెక్కేశారు.

గురువారం, కాస్త తర్వాత

కెప్టెన్ గారు విని, కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"మొత్తం చెప్పండి," అన్నారు. "మంచిది ఒక్కటే కాదు."

జోగారావు గారు చెప్పారు. గాలి చాలాలంటే తుపాను అంచులోకి ఓడను నడపాలి. మా ఓడ ఉప్పు బ్యాటరీల మీద నడుస్తుంది, పూర్తి వేగంతో పోతే అవి అరగంటలో ఖాళీ. ఆ తర్వాత అలల మీద ముక్కు తిప్పి నిలబెట్టుకునే బలం మాత్రమే మిగులుతుంది. ఎండ వచ్చి బ్యాటరీలు మళ్ళీ నిండేదాకా అంతే. ఇంకొకటి, ఓడ అలల మీద పడి లేస్తుంటుంది. ముక్కు కిందికి దిగేటప్పుడు విమానం అంచుకు చేరితే నేరుగా అల కడుపులోకి పోతుంది. లేచేటప్పుడు చేరాలి.

"పంపు ఇచ్చేశాక మన ఓడలోకి నీళ్ళొస్తే? ఉన్న ఒక్క పంపూ ఆగిపోతే?" అన్నారు కెప్టెన్.

"అప్పుడు చేతులతో తోడుకోవాలండి."

"పోలేశ్వరీ, కొంగ ఎగురుతుందా?"

"ఎగురుతాదండి," అన్నాను. ఆలోచించకుండా అన్నాను. ఆలోచించి ఉన్నా అదే అనేదాన్ని. భయం లేదని కాదు. కాని ఛాతీ అంతా, జాతరలో రంగులరాట్నం పైకి వెళ్ళి ఆగినప్పటిలా ఉంది.

"అక్కడ దిగేదెక్కడ?"

"ఎండుచేపల తిన్నె మీద. ఊళ్ళో ఒక చివర నుంచి ఇంకో చివరకి చదునుగా ఉండేది అదొక్కటే. అక్కడా గాలుంటాది, తొందరగా ఆగిపోతాను."

కెప్టెన్ గారు మైకు తీసుకున్నారు. ఓడంతటికీ వినిపించేలా, చాలా మామూలుగా, వంటవాడికి కూర చెప్పినట్టు చెప్పారు. "మనం తుపాను వైపు తిరుగుతున్నాం. కట్టాల్సినవన్నీ కట్టేయండి. బక్కెట్లు మాత్రం చేతికందేలా ఉంచండి."

ఎక్కడో కింద నుంచి వడిసెల పక్షం, ముక్కు పక్షం కలిసి కేక వేశాయి.

గురువారం, మధ్యాహ్నం జరిగింది

ఇది రెండో కళింగపట్నంలో కూర్చుని రాస్తున్నాను.  

కొంగలో కూర్చుని ఇంజన్లు పూర్తిగా పెంచి, బ్రేకులు తొక్కి పట్టుకున్నాను. ఎదురుగా ముక్కు. దాని అవతల ఒకసారి ఆకాశం, ఒకసారి నల్లటి నీళ్ళు. ఓడ పూర్తి వేగం అందుకుంది. డెక్కు మీద నిలబడాలంటే మనిషి మోకాళ్ళ మీద పాకాల్సిందే. ఎర్రన్న నడుముకు తాడు కట్టుకుని బోర్లా పడుకుని జెండా పైకెత్తాడు. నురగ వచ్చి ఆయన మీద పడుతోంది. ఆయన ఏదో తిడుతున్నాడు. పెదవులు చూస్తే తెలుస్తోంది, తుపానునో, నన్నో, ఇద్దరినీనో.

చెవిలో జోగారావు గారి గొంతు. "ఇప్పుడు కాదండి... ఇది కాదు... దీని తర్వాతది... దిగుతుంది, దిగుతుంది... ఎర్రన్నా!"

జెండా పడింది. బ్రేకు వదిలాను.

ముక్కు కిందికి ఉన్నప్పుడు పరుగు మొదలెట్టాను. నల్లటి నీళ్ళ గోడలోకి పోతున్నట్టే ఉంది. పంపు బరువుకు కొంగ మూలుగుతోంది. సగం దూరం పోయేసరికి గోడ విరిగింది, ముక్కు లేవడం మొదలెట్టింది. అప్పుడు జరిగింది. నేను ఏమీ చెయ్యలేదు. విమానాన్ని పైకి లేపే కర్ర లాగలేదు. చక్రాల చప్పుడు ఆగిపోయింది, అంతే. ముక్కు ఇంకా ముందుంది, మేం దాని పైన ఉన్నాం. కొంగ, పంపు, నేను, గాల్లో వేలాడుతున్నాం. కిందికి చూస్తే ఓడ మా కంటే వేగంగా పోతున్నట్టు ఉంది. ఒక క్షణం నేను ముందుకు కాదు, పైకి మాత్రమే వెళ్ళాను.

అరిచాను. ఏమరిచానో యంత్రం రాసుకునే ఉంటుంది, నన్ను అడగొద్దు. చెవిలో ఓడంతా అరుస్తోంది. ఆ కేకల్లో కెప్టెన్ గారి గొంతు ఒకటి గుర్తుపట్టాను. ఆమె ఈల వేస్తున్నారు. కెప్టెన్ హైమావతి గారికి ఈల వెయ్యడం వచ్చని మాలో ఎవరికీ తెలియదు.

తుపాను అంచు చుట్టూ తిరిగి వచ్చేసరికి రెండో కళింగపట్నం కనిపించింది. ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒక వీధి అంచు నీళ్ళలో తడుస్తోంది. జనం తిన్నె మీద ఎండుచేపల పందిళ్ళన్నీ పీకేసి చదును చేశారు. రెండు చివర్లా చీరలు కట్టిన వెదుళ్ళు పట్టుకుని ఆడవాళ్ళు నిలబడ్డారు, గాలి ఎటో నాకు తెలియడానికి. గాలికి ఎదురుగా, ఒరిగిన తిన్నె మీద, ఒక్కో చక్రమే ఆనిస్తూ దింపాను. తిన్నె చివర ఇంకా కొంత మిగిలే ఉండగా ఆగిపోయింది కొంగ. ఆ చివర వల కట్టి పట్టుకుందామని నిలబడ్డవాళ్ళు నిరాశపడినట్టు కూడా కనిపించారు.

తలుపు తీయగానే ఎదురుగా ఒక పొట్టి ఆడమనిషి. తడిసిన చీర, నెత్తిన తువ్వాలు. రేడియోలో విన్న గొంతే.

"పంపు ఏదే?" అంది బంగారమ్మ.

"పొట్టలో ఉన్నాదమ్మా."

"బేగి దించండర్రా!" అని వెనక్కి కేకేసి, అప్పుడు నన్ను చూసి నా రెండు బుగ్గలూ పట్టుకుంది. "ఓ గుంటా, ఎలాగొచ్చీసినావే?"

దింపడానికి వందమంది వచ్చారు. పదిమందికే చోటుంది. మిగతావాళ్ళు ఆ పదిమందిని పట్టుకుని లాగారు. నా వెనకే రెండు పిచ్చుకలు మోటారునూ, గొట్టాలనూ తెచ్చి దింపాయి. మోటార్ల గదిలో నడుముల దాకా నీళ్ళలో నిలబడి బిగించారు. నేను దీపం పట్టుకున్నాను. మీట నొక్కితే మొదట ఏమీ రాలేదు. ఒకడు దేవతకు మొక్కాడు, ఒకడు పంపును తన్నాడు. రెండింటిలో ఏది పనిచేసిందో గాని, ఊరి పక్క నుంచి తాటిచెట్టు లావున నీళ్ళు సముద్రంలోకి దూకాయి.

ఆ నీళ్ళు చూసి జనం డప్పులు తెచ్చారు. ఊరింకా ఒరిగే ఉంది. ఒరిగిన నేల మీదే ఆడటం మొదలెట్టారు. అందరూ ఒక పక్కకు జారుతూ, మళ్ళీ ఎక్కుతూ. నేనూ ఆడాను.

శుక్రవారం

తెల్లారేసరికి ఊరు నిటారుగా నిలబడింది. మోటార్ల గది ఖాళీ అయింది. తుపాను పడమటికి జరిగింది. నేను ఓడను పిలిచాను.

జోగారావు గారు పలికారు. గొంతు బొంగురుపోయింది. "బాగున్నామండి," అన్నారు. వెనక నుంచి ఎవరో లెక్క పాడుతున్నారు, నీళ్ళు పడుతున్న చప్పుడు.

"సార్, ఏం జరుగుతోంది అక్కడ?"

"ఏం లేదండి. ఓ పెద్ద అల ముక్కు వంచేసింది, అతుకు విడిపోయింది. ఉన్న పంపుకి బ్యాటరీ చాలట్లేదు. అందరం వరసలో నిలబడి బక్కెట్లు అందించుకుంటన్నాం. కెప్టెన్ గారు నా పక్కనే ఉన్నారు. నాకంటే వేగంగా అందిస్తన్నారు, నా మీదే ఒలకబోస్తన్నారు."

"ఎంతసేపు తట్టుకుంటారు?"

ఆయన జవాబు చెప్పేలోపు కెప్టెన్ గారి గొంతు వచ్చింది. "ఎండ వచ్చేదాకా తట్టుకుంటాం. నువ్వు అక్కడే ఉండు పోలేశ్వరీ."

ఎండ వచ్చే జాడ లేదు. ఆకాశం మూత పెట్టినట్టు ఉంది. మిగతా రెండు ఓడలూ దూరం. నేను రేడియో దగ్గర నుంచి లేచి వచ్చేసరికి బంగారమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది.

తిన్నె మీద ఊరిని పోగేసింది. "మనకి పంపిచ్చీసి ఆల్లు బక్కెట్లట్టుకున్నారర్రా," అంది. 

ఒక ముసలాయన లేచాడు. "ఎలదామంటే ఎలదాం. కాని బంగారమ్మా, మనది ఓడ కాదు, ఊరు. ఇల్లున్నాయి, బడున్నాది, పురిటి ఆడోలున్నారు. ఇప్పుడే బైటపడ్డాం. అలలింకా తగ్గనేదు."

ఆయన అన్నది తప్పు కాదు. ఎవరూ ఆయన్ను గద్దించలేదు. నిండు నెలల ఒకామె, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "నాకేటవ్వదు తాతా. మెల్లగెల్దాం," అంది. జనం నవ్వారు. ముసలాయనా నవ్వి, మోటార్ల గది తాళం తన నడుముకే ఉందని చూపించాడు. మోటార్లు నడిపేది ఆయనేనట.

అలా నాలుగు వేల మంది, వాళ్ళ వంటింట్లో పొయ్యిలతో సహా, బయల్దేరారు. ఊరు గంటకు మనిషి నడిచేంత దూరం పోతుంది. నేను దారి చెప్పాను. ప్రతి వీధి చివరా ఎవరో ఒకరు ముందుకు చూస్తూ నిలబడ్డారు. మధ్యాహ్నం అందరికీ గంజి ఇచ్చారు. బడి మానలేదు. నడుస్తున్న ఊళ్ళో పిల్లలు ఎక్కాలు చదువుతుంటే వింటూ, ఇంతకంటే మంచి ఓడ ఎవరూ గీయలేదని అనుకున్నాను.

ఆదివారం

పొద్దున కనిపించింది ముప్పావు. నీళ్ళలోకి బాగా దిగిపోయి ఉంది. ముక్కు ఒక పక్కకు వంగిపోయింది. దాని కొసన ఒక మనిషి నిలబడి చొక్కా విప్పి గిరగిరా తిప్పుతున్నాడు. దగ్గరయ్యాక చూస్తే జోగారావు గారు.

"ఊరండీ! ఊరొస్తందండీ!" అని అరుస్తున్నారు. అంత సంతోషంగా అరిచే మనిషిని నేను చూడలేదు.

తాళ్ళు పడ్డాయి. మొదట ఎర్రన్న దూకాడు, దూకి తిన్నె మీద వెల్లకిలా పడుకున్నాడు. "ఎవులూ నన్ను లేపకండి," అని కళ్ళు మూసుకున్నాడు. ఊరి కుర్రాళ్ళు మూడు వందల మంది ఓడలోకి ఎక్కి బక్కెట్లు లాక్కున్నారు. గొట్టాలు వేసి, మేం ఇచ్చిన పంపుతోనే ఓడలో నీళ్ళు తోడటం మొదలెట్టారు.

చివరికి కెప్టెన్ గారు దిగారు. అరచేతులు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి. బంగారమ్మ ఎదురెళ్ళి ఆ చేతులు పట్టుకోబోయి, చూసి, మణికట్లు పట్టుకుంది.  "తిన్నావా?" అంది. "లేదు," అన్నారు కెప్టెన్ గారు. ఆమె అంత చిన్నపిల్లలా ఏదీ చెప్పడం ఎప్పుడూ వినలేదు.

సాయంత్రం మండలి పిలిచింది. ఓడల రెండో జట్టు కట్టబోతున్నారు, ఈసారి వడిసెల పెట్టాలని అనుకుంటున్నారు, మీరేమంటారని అడిగారు. కెప్టెన్ గారు మైకు జోగారావు గారికి ఇచ్చారు. 

"పెట్టండి, నేనెందుకొద్దంటాను? కాని ఓడల లెక్క తగ్గించి మాత్రం పెట్టకండి," అన్నారు. కెప్టెన్ గారు ఆయన వంక తిరిగి చూశారు. "ఇంకోటండి. వడిసెల కుదిరినా కుదరకపోయినా, ప్రతి ఓడలో పంపులు నాలుగుండాలి."

సోమవారం

మబ్బు విడిపోయింది. మంచి గాలి. ఒడ్డుకు వెళ్ళి మందులూ, ముక్కు అతకడానికి రేకులూ తేవాలి. కొంగ ఖాళీగా ఉంది కాబట్టి తిన్నె మీద నుంచే లేస్తుందని తేల్చాం. మండలితో మాట్లాడటానికి బంగారమ్మ కూడా వస్తానంది. ఆమె ఎప్పుడూ విమానం ఎక్కలేదు. పట్టీ బిగిస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "పడిపోతే ముందు సెప్పు," అంది.

లేచాం. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. పైకి వచ్చాక, "సూడమ్మా, ఏం కాదు," అన్నాను. ఒక కన్ను తెరిచింది. కింద రెండో కళింగపట్నం. వీధులు, బడి, ఆరబెట్టిన చీరలు, మళ్ళీ కట్టుకుంటున్న చేపల పందిళ్ళు. దాని పక్కన ఆనుకుని ముప్పావు, డెక్కు నిండా జనం. ఊరు ఓడను వెంటబెట్టుకుని ఒడ్డు వైపు మెల్లగా పోతోంది, వెనక నీళ్ళ మీద తెల్లటి గీత సాగుతోంది.

బంగారమ్మ రెండో కన్నూ తెరిచింది. అద్దానికి ముక్కు ఆనించేసింది.

"ఇంతేనేటి మా ఊరు? ఇంత సిన్నదా?" అంది.

చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది, నవ్వింది.

"ఇంకోపాలి తిప్పమ్మా," అంది.

తిప్పాను.